నిప్పుని ఊదనివాడు

స్టవ్వు ఒళ్ళో ఉంది. కింద పెట్టొచ్చు, బల్ల కింద కావలసినంత చోటుంది, మేనత్త కూడా ఇప్పటికి రెండుసార్లు చెప్పింది, అది కింద పెట్టరా, మసంతా బట్టలకవుతోంది అని. కానీ కింద పెడితే దారిన పోయేవాడెవడో కాలు తగిలిస్తాడు, తగిలిస్తే మూత కదులుతుంది, మూత కదిలితే ఇక తన దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్న తీరుకి తనకే నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అధికారి భోజనానికి వెళ్ళాడు, గంటలో వస్తాడని గుమాస్తా చెప్పాడు. ఈ గంటలోపు ఒక్క మాట తేల్చుకోవాలి. తప్పు నాదేనండీ అనాలా, కాదండీ అనాలా. నాదే అంటే సాయంత్రానికి మేనత్త కారులో ఇంటికి పోవచ్చు, వేడినీళ్ళ స్నానం, తలకింద మెత్తటి దిండు. కాదంటే ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు, చెప్పనక్కర్లేకుండా మేనత్త మొహంలోనే రాసి ఉంది.

పంకా తిరుగుతోంది, తిరగడంలో చప్పుడే తప్ప గాలి లేదు. మూల నీళ్ళకుండ, కుండ మీద గ్లాసు, గ్లాసుకి గొలుసు. వచ్చిన జనం మీద ఈ ఆఫీసుకి ఎంత నమ్మకమో ఆ గొలుసుని చూస్తే తెలిసిపోతుంది. పొద్దున్న రాగానే గుమాస్తా పేరడిగాడు, చెప్పాడు. చిరునామా అడిగాడు, అతను నోరు తెరిచేలోపే మేనత్త తన బంగళా నంబరూ వీధీ గడగడా చెప్పేసింది, గుమాస్తా రాసేసుకున్నాడు. అతను తెరిచిన నోరు మూసుకున్నాడు. మూసుకోక ఏం చెప్తాడు, టీ కొట్టు వెనక గది అనా? ఆ గది ఇప్పుడు బూడిద. బూడిదకి చిరునామా ఉంటుందా? ఉంటే ఉత్తరాలు ఎవరు అందుకుంటారు? ఇలాంటి ఆలోచనలు చిన్నప్పటినుంచీ అంతే, అవసరమైన చోట నోటికి మాట రాదు, అక్కర్లేని చోట బుర్ర ఊరేగింపు తీస్తుంది.

సందులో ఒక వరస గుడిసెలు మొత్తం పోయాయి. మనుషులెవరూ పోలేదు, అది అదృష్టమని అందరూ అన్నారు, ఇళ్ళు పోయినవాళ్ళు తప్ప అంతా అదృష్టవంతులే కదా, అందులో ఒక పక్షవాతపు ముసలాయన్ని నులకమంచంతో సహా మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టారు, ఆయన ఆ మంటల వెలుగులో తన ఇల్లు ఏదో గుర్తుపట్టలేక పక్కింటిని చూసి ఏడ్చాడు. టీ కొట్టు అక్క మాత్రం అందరూ బయటికి పరిగెత్తుతుంటే లోపలికి పరిగెత్తింది. కొట్టులో ఈ స్టవ్వుంది, నిండా కిరసనాయిలుంది, అది గనక పేలితే రెండో వరస కూడా మిగలదని ఆమెకి తోచింది, కాలుతున్న ఇత్తడిని ఉత్తి చేతులతో పట్టుకుని తెచ్చి కాలవలో పడేసింది. ఇప్పుడు ఆ చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. స్టవ్వు అప్పటికి వెలిగించే లేదు, నిప్పు గిడ్డంగి గోడ మీదినుంచి టార్పాలిన్ మీద పడింది, నేను చూశాను అంటుంది. టీ కాచుకునే ఆడదాని మాటకి ఎదురుగా ఇంకో మాట ఉంది. గిడ్డంగి యజమానిది. సందంతా తన గోడకి ఆనుకుని ఉండటం ఆయనకి ఎప్పటినుంచో కంట్లో నలుసు. కొట్టులో స్టవ్వు కారిందనీ, మూత సరిగ్గా బిగించకుండా ఎవడో చేతగానివాడు బాగుచేశాడనీ, ఇలాంటివి ఉన్నంతకాలం తన సరుక్కీ చుట్టుపక్కల ప్రాణాలకీ ముప్పేననీ, వెంటనే సందు ఖాళీ చేయించమనీ ఆయన అర్జీ పెట్టుకున్నాడు. సాక్షి ఆయన కాపలావాడు. ఆ చేతగానివాడు తనే. తప్పు నాదే అన్నాడా, అధికారి కలం తీసి సందు ప్రమాదకరం అని రాస్తాడు, రాశాక ఆ సంతకం కింద ఎన్ని వంటిళ్ళు ఆరిపోతాయో కలానికి తెలీదు.

"మన ప్లీడరు అధికారితో మాట్లాడాడురా," మేనత్త గొంతు తగ్గించి అంది. "నిన్నేమీ చెయ్యరు. చదువుకున్న కుర్రాడు, సేవ అనుకుని దిగాడు, చేతకాలేదు. మందలించి వదిలేస్తారు. అంతే."

చేతకాలేదు. ఆ మాట కొత్తది కాదు, ఇంట్లో కుర్చీలూ బల్లలూ ఉన్నంతకాలంగా ఉంది. లా చదువు మధ్యలో వదిలేశాడు, చేతకాలేదు. బాబాయి వేలంపాటల దుకాణంలో కూర్చోబెట్టారు, అక్కడ చచ్చినవాళ్ళ అల్మరాలకి బతికున్నవాళ్ళు ధర పాడుతుంటే ఒకరోజు సుత్తి బల్ల మీద పెట్టేసి లేచి వచ్చాడు, చేతకాలేదు. కెమెరా పట్టుకుని తిరిగాడు, పియానోలు శ్రుతి చెయ్యడం నేర్చుకుంటానని ఒకాయన వెనక తిరిగాడు, ఆ పట్టణమంతా వెతికితే శ్రుతి తప్పడానికైనా పియానోలు ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దేనికి పనికొస్తావురా నువ్వు అని నాన్న అన్నాడు ఒక పొద్దున్న, పేపరు మడతపెడుతూ, పెద్ద కోపం కూడా లేకుండా. ఏ ఇంట్లోనైనా తండ్రులు అనే మాటే, తిట్టు, విని దులుపుకుని కాఫీ తాగేస్తారు. ఇతను దులుపుకోలేదు. తిట్టుని ప్రశ్నగా తీసుకున్నాడు, అదే ఇతని జబ్బు. దేనికి? దేనికి అని మంచం మీద అడిగాడు, బస్సులో అడిగాడు, సముద్రం ఉన్న ఊళ్ళకి పోయి ఒడ్డున కూర్చుని అడిగాడు, ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో వాళ్ళ దగ్గర మాత్రం జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. పార్సీలం మనం, మిగిలిందే గుప్పెడు మందిమి, అందులోంచి ఒకడు తగ్గితే అంత తగ్గినట్టే. మేనత్త ఎప్పుడొచ్చినా చేతిసంచిలోంచి ఎవరో ఒక అమ్మాయి ఫోటో తీస్తుంది. మనవాళ్ళ కోసం కట్టిన మేడలో పెళ్ళైనవాళ్ళకి వాటా ఇస్తారు, గాలీ వెలుతురూ వస్తాయి, చేసుకోరా, ఇద్దరు పిల్లల్ని కని చూపించు, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు. అంటే తను చెయ్యాల్సిన పని ఒక్కటే, ఉండటం, ఉండి ఇంకో ఇద్దర్ని ఉంచడం. జనాభాలో అంకె. పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చిన ముసలివాళ్ళు అతని బుగ్గ పట్టుకుని చూసే చూపులో ప్రేమ ఉండేది, లేదనడు, కానీ అది కొట్లో ఆఖరి సబ్బుబిళ్ళని చూసే చూపు. నేను సబ్బుబిళ్ళని కాదు అని ఒకసారి గట్టిగా అనేశాడు, ఎవరికీ అర్థం కాలేదు, వేడి చేసిందేమో మజ్జిగ ఇవ్వండి అన్నారు.

ఈ సందున్న వాడకి మొదటిసారి వచ్చింది ప్రశ్నలు పట్టుకుని. ఒక సంఘం వాళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళెక్కణ్ణుంచి తెస్తారు, పిల్లలు బడికి పోతారా అని అడిగి రాసుకునేవాళ్ళు, వాళ్ళతో పాటు ఇతనూ. పేదవాళ్ళ మధ్య తిరిగితే బతుక్కి అర్థం దొరుకుతుందనుకోవడం కడుపు నిండిన కుర్రాళ్ళకి వచ్చే తెగులని అతనికి అప్పటికే తెలుసు, తెలిసినా వచ్చింది, తెలిసినంత మాత్రాన జలుబు రాకుండా ఉంటుందా? వాన పట్టుకుంది. టీ కొట్టు చూరు కింద నిలబడ్డాడు. లోపల అక్క స్టవ్వుని బండబూతులు తిడుతోంది, బర్నరు మూసుకుపోయింది, వానలో తడిసిన కూలీలు టీ కోసం కాచుకుని ఉన్నారు. పిన్ను ఉంది, ఆమె చెయ్యి కుదురుగా నిలవడం లేదు. ఇటివ్వండి అన్నాడు. పియానో తీగల మధ్య వేళ్ళు పెట్టడం నేర్చుకున్న చెయ్యి అది, సన్నటి బెజ్జం దానికి ఎక్కడుందో చూడకుండానే దొరికింది. పొడిచాడు, గాలి కొట్టింది అక్క, నీలంగా బుస్సుమని లేచింది మంట. అంతే. చేశాడు, అయింది. మధ్యలో పేపరు మడతపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. తడిసిన మనుషులు చేతులు చాచి వేడి కాచుకున్నారు, ఒకడు గ్లాసు అందుకుంటూ థాంక్సు కూడా చెప్పలేదు, చెప్పకపోవడం ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తు. ప్రశ్నల సంఘం మర్నాడు ఇంకో వాడకి వెళ్ళిపోయింది, అతను వెళ్ళలేదు.

ఒకటి బాగుచేస్తే రెండోది వచ్చింది, రెండు చేస్తే సందంతా వచ్చింది. పాత ఇనుప సామాను కొట్టులో విరిగిన స్టవ్వులు కొని విప్పి చూసుకున్నాడు, తోలు వాషర్లు కత్తిరించడం నేర్చుకున్నాడు. మనిషిది తెల్లతోలు, చొక్కా జేబులో ఎప్పుడూ పిన్నులు, పిన్ను దొర అని పేరు పెట్టేశారు. పిన్ను దొరా, మాది గురకపెడుతోంది. పిన్ను దొరా, మాది పొగతాగుతోంది, కాస్త బుద్ధి చెప్పు. ఒక సాయంత్రం మనసు ఉప్పొంగి అక్కతో అన్నాడు, ఇక్కడికి వచ్చాక నాకేదో అర్థం దొరికినట్టుందక్కా అని. ఆమె గ్లాసులు కడుగుతూ తలెత్తలేదు. అర్థం కావాలంటే ఇంకెక్కడికైనా పో దొరా, నాకు స్టవ్వు వెలగాలి అంది. ఆ మాటకి ముందు చిన్నబోయాడు. రాత్రి గదిలో పడుకున్నాక నాన్న అడిగినదానికి ఎవరో జవాబు చెప్పినట్టనిపించింది, లేచి కూర్చుని నవ్వాడు ఒక్కడే.

అయితే మూత? తిరిగి తిరిగి మూత దగ్గరికే వస్తుంది. సందు కాలిన రోజు మధ్యాహ్నం ఈ స్టవ్వునే చూశాడు, నిజం. కొట్టుకి వెళ్ళేసరికి మంట ఎర్రగా ఎగురుతోంది. ఆర్పాడు, చల్లారనిచ్చాడు, బర్నరు పొడిచాడు, కిరసనాయిలు పోశాడు, మూత బిగించాడు. బిగించాడా? మూత కింద రబ్బరు ఉంగరం ఒకటుంటుంది, పోసేటప్పుడు తీసి గట్టు మీద పెడతాడు, పెట్టింది మళ్ళీ తీసి తొడిగాడా? రోజూ చేసే పని ఎవరికి గుర్తుంటుంది, ఇవాళ పళ్ళు తోముకున్నానా అని ఒట్టేసి ఎవరు చెప్పగలరు? తొడిగే ఉంటాను అనుకుంటాడు, వెంటనే లోపల్నించి నాన్న పేపరు మడతపెడతాడు. లా వదిలేసినవాడివి, సుత్తి వదిలేసినవాడివి, రబ్బరు ఉంగరం వదిలెయ్యలేదని ఏమిటి నమ్మకం? మూత విప్పి చూడొచ్చు, కానీ విప్పితే ఆ రోజు ఎలా బిగించి ఉందో చెప్పేది ఇంకేదీ ఉండదు. పంపులో తోలు కాలిపోతే కొత్తది వేశాడు, మూతని మాత్రం వేలితో కూడా తాకలేదు. గాలి కొట్టి చూడొచ్చు, మూత దగ్గర బుస వినబడితే తప్పు తనది, వినబడకపోతే కాదు. కాలిన రోజు నుంచీ ఆ గాలి కొట్టడానికి చెయ్యి రావడం లేదు. కొడితే తెలిసిపోతుంది. అక్క అడగలేదు, గుడ్డలు చుట్టిన చేతులతో దీన్ని అతని ఒళ్ళో పెట్టి, తీసుకుపో దొరా, నీకు తెలుసుగా అంది. ఏం తెలుసు? ఒళ్ళో కదిపితే లోపల కిరసనాయిలు గుళగుళమంటోంది.

గుమాస్తా బయటికొచ్చి గొలుసు గ్లాసుతో నీళ్ళు తాగాడు. మేనత్త చీర, వేలికి ఉన్న ఉంగరం చూశాక పొద్దుటినుంచీ అతనికి ఆమె మీద గౌరవం పెరుగుతూనే ఉంది. ఊరికే పోకుండా ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏం లేదమ్మగారూ, చిన్న విషయమే. బాబుగారు ఒప్పేసుకుంటే అయిపోతుంది. కాపలావాడు చూసింది చూసినట్టు చెప్పాడు కూడాను."

"ఏం చూశాట్ట?" అంది మేనత్త, చేతిసంచిలో ఏదో వెతుక్కుంటూ.

"గోడ మీదినుంచి చూశాడండి. బాబుగారు కొట్టుకొచ్చారు, మండుతున్న స్టవ్వుని నోటితో ఊది ఆర్పారు, ఆ వేడి మీదే మూత తీసి నూనె పోసి, వదులుగా పెట్టేసి పోయారు. అదండీ."

మేనత్త చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

"నోటితోనా?"

"ఆఁ. ఉఫ్ ఉఫ్ అని రెండుసార్లు ఊదారట."

"వీడా?"

"బాబుగారే."

నాయనమ్మ గది. చీకటి, చందనం వాసన, పల్చటి ముడతలు పడ్డ చెయ్యి. ఆ గదిలో ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. ఊహ తెలిసీ తెలియని రోజుల్లో దాని ముందు నిలబడి బుగ్గలు పూరించాడు, పిల్లలకి మంట కనబడితే ఊదాలనిపిస్తుంది కదా. ఆ చెయ్యి వచ్చి మూతి మీద పడింది, కొట్టడానికి కాదు, మూయడానికి. ఎంగిలి గాలి తగలకూడదు నాన్నా, అది నిప్పు. అంత మాత్రమే చెప్పింది. దేవుడు చూస్తాడనో కళ్ళు పోతాయనో బెదిరించలేదు, పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడాలి అన్నంత మామూలుగా చెప్పింది. స్నేహితుడి పుట్టినరోజు నాడు పిల్లలంతా కొవ్వొత్తుల మీద పడి ఊదుతుంటే అతను చేత్తో మూతి మూసుకుని వెనక్కి జరిగాడు, అందరూ నవ్వారు. పెద్దయ్యాక నెత్తిన టోపీ వదిలేశాడు, నడుముకి కట్టుకునే తాడు వదిలేశాడు, ప్రార్థనలు సగం మరిచిపోయాడు, మిగతా సగానికి అర్థం ఎప్పుడూ తెలీదు. అన్నీ వదిలేశాననుకున్నాడు. నోరు మాత్రం నాయనమ్మ అరచేతి కింద ఉండిపోయింది. అగ్గిపుల్ల కూడా ఊదడు, విదిలిస్తాడు, ఒక్కోసారి వేళ్ళు కాలతాయి. సందులో అందరికీ అదో వినోదం. ఊదు దొరా, నోటికి తాళమా, లోపల ముత్యాలున్నాయా అని అక్క ఆటపట్టించని రోజు లేదు. పిల్లలు అతని ముందు అగ్గిపుల్లలు గీసి పట్టుకుని, ఊదు ఊదు అని వెంటపడేవాళ్ళు. సందులో పుట్టినవాడెవడూ, అబద్ధం చెప్పదలుచుకున్నా సరే, ఈ అబద్ధం చెప్పడు. గోడ అవతలివాడు చెప్పాడు. మంట ఆర్పడమంటే ఎవరైనా చేసేది అదేగా అనుకున్నాడు పాపం, తను చేసేదాన్నే తీసి ఇతని మూతికి అంటించాడు.

అయితే వాడు చూడలేదు. అసలేమీ చూడలేదు. ఇంత సేపూ మెడ మీద కూర్చున్నదేదో దిగింది, దిగిన చోట కోపం వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ కోపం కూడా చేతకాదనుకున్నాడు. చేతకానివాడు అంటే పడ్డాడు, తిరుగుబోతు అంటే పడ్డాడు, మూత వదిలేశావంటే అదీ నిజమేనేమో అని తనని తనే బోనులో నిలబెట్టుకున్నాడు, చివరికి తన నోటిని కూడా లాక్కుని దాంతో సందుని ఊదేద్దామనుకున్నారు. కానీ ఒకటి అబద్ధమైతే రెండోదీ అబద్ధమే కావాలని లేదు. వాడు చూడకపోయినా మూత వదులై ఉండొచ్చు. ఉంగరం గట్టు మీదే ఉండి కాలిపోయి ఉండొచ్చు. ఉండనీ. అది తేలాల్సింది ప్లీడరు నోట్లో కాదు, తేలితే దీని నోట్లో తేలాలి. స్టవ్వుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. చొక్కా ముందంతా మసి అయింది.

గుమాస్తా వెళ్ళిపోయాడు. మేనత్త మెడ నిటారుగా అయింది, ఇంట్లో వంటవాడు ఉప్పెక్కువేసినప్పుడు కూడా అంతే అవుతుంది, ఆ తర్వాత ఇల్లు దద్దరిల్లుతుంది.

"అత్తా, నేను ఒప్పుకోను," అన్నాడు. అనేశాక గొంతు తనదేనా అనిపించింది. "మీరు కోప్పడినా సరే. ప్లీడరుగారికి చెప్పండి."

"కోపం నీ మీద కాదు, ఉండు." ఆమె సంచి గట్టిగా మూసింది. "నువ్వు చేతగానివాడివని ఒప్పుకుంటావో మానతావో నీ ఇష్టం. అది ఇవాళ కొత్తగా తెలిసిందేం కాదు. కానీ మా అమ్మ పెంచిన పిల్లాడు నిప్పు మీద నోరు పెట్టాడని నేను బతికుండగా ఎవడూ కాయితం మీద రాయడానికి వీల్లేదు."

"మూత సంగతి నాకూ తెలీదత్తా. నిజంగా వదిలేశానేమో."

"వదిలేస్తే వదిలేశానని చెప్పు. మగాడిలా చెప్పు. ముందు ఆ నోటి సంగతి తేలాలి."

ఆమెకి సందు అక్కర్లేదు, గుడిసెలు అక్కర్లేదు, అక్క చేతులు అక్కర్లేదు. ఆమె పోట్లాట వేరు, అతని పోట్లాట వేరు, రెండూ ఒకే తలుపు ముందు నిలబడ్డాయి. మొట్టమొదటిసారి ఆమె పక్కన కూర్చోవడం అతనికి ఇరుకనిపించలేదు.

అధికారి వచ్చాడు, పళ్ళ మధ్య ఇంకా ఏదో ఇరుక్కుని ఉంది, నాలికతో తీసుకుంటూనే పిలిపించాడు. గది చిన్నది, బల్ల పెద్దది. గోడ వారగా అక్క, చేతులు రెండూ అద్దెకి తెచ్చుకున్నట్టు ముందుకు చాచి పట్టుకుని నిలబడింది. ఇటుపక్క కాపలావాడు, మొన్నటిదాకా గోడ మీదినుంచి టీ గ్లాసు అందుకుని బాగుందక్కా అన్నవాడే, ఇప్పుడు కిటికీని చూస్తున్నాడు. ప్లీడరుగారు చెప్పారులెండి అని అధికారి మొదలుపెట్టాడు, గొంతు మెత్తగానే ఉంది, మెత్తటి గొంతుతోనే ఇళ్ళు కూలుతాయి. అంటే మూత వదులుగా ఉన్న మాట మీరు ఒప్పుకుంటున్నట్టేనా? అందరూ అతన్ని చూస్తున్నారు. అంతమంది చూస్తున్నప్పుడు మామూలుగా అయితే లేచి వెళ్ళిపోతాడు, కాళ్ళకి ఆ దారి బాగా అలవాటు. కాళ్ళు ఇవాళ కదల్లేదు.

"నాకు తెలీదండీ. ఇప్పుడు మీ ముందే తెలుస్తుంది."

స్టవ్వుని బల్ల మీద పెట్టాడు, అధికారి కాయితాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. తన పనిముట్ల సంచిలోంచి స్పిరిట్ సీసా తీశాడు, బర్నరు కింద గిన్నెలో పోశాడు, అగ్గిపుల్ల గీశాడు. ఇది ఆఫీసయ్యా అని గుమాస్తా అంటున్నాడు, ఎక్కడో దూరంగా. గిన్నెలో పచ్చటి మంట లేచింది, అగ్గిపుల్లని విదిలించాడు, వేలు కాలింది. బర్నరు వేడెక్కేదాకా ఆగాలి, ఎన్నిసార్లు ఆగాడు ఇలా, ఎన్ని వంటిళ్ళలో, చుట్టూ ఆకలితో ఉన్న పిల్లలు చూస్తుండగా. గాలి మర బిగించాడు. పంపు మీద చెయ్యి వేశాడు. నాన్న పేపరు మడతపెడుతున్నాడు, మడతపెట్టుకోనీ. ఒత్తాడు. మూత దగ్గరికి చెవి వంచి విన్నాడు. ఇంకోసారి ఒత్తాడు, మళ్ళీ ఒత్తాడు, పంపు బిగుసుకుని అరచేతికి ఎదురుతిరిగేదాకా ఒత్తాడు. మూత దగ్గర బుస లేదు. నూనె చుక్క లేదు. ఆ మధ్యాహ్నం ఎవడో ఒకడు ఆ ఉంగరాన్ని గట్టు మీదినుంచి తీసి తుడిచి తొడిగి, గుడ్డతో పట్టుకుని మూతని బిగించాడు, ఆ ఎవడో తనే. మధ్యలో వదిలెయ్యలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, స్పిరిట్ పొగ అనుకుంటారులే అనుకున్నాడు. బుస్సుమని నీలంగా లేచింది మంట, గదంతా ఆ హోరే.

"సరే సరే, ఆర్పండి ముందు," అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఆర్పండయ్యా ఎవరైనా."

దగ్గరగా ఉన్నది కాపలావాడు. అధికారి ఆర్పమన్నాడు, మనిషి వంగాడు, బుగ్గలు పూరించి ఉఫ్ అని ఊదాడు. మంట అటు ఒరిగి మళ్ళీ నిలబడింది. ఇంకా గట్టిగా ఊదాడు. మళ్ళీ నిలబడింది. పక్కనున్న మేనత్త చీర కొంగుతో తన మూతి మూసుకుంది, ఎవరి తప్పుకో తను సిగ్గుపడుతున్నట్టు.

"ఊదితే ఆరదయ్యా అది," అంది అక్క గోడ దగ్గర్నుంచి. "గాలి కొట్టిన స్టవ్వు. రోజంతా ఊదినా ఆరదు."

అతను అక్కని చూశాడు, మేనత్తని చూశాడు. మేనత్త కూడా నోరు తెరుచుకుని అతన్నే చూస్తోంది. ఈ సంగతి తనకీ మేనత్తకీ తెలీదు. ఏనాడూ ఊది చూసినవాళ్ళు కాదు, ఎలా తెలుస్తుంది? ఇన్ని స్టవ్వులు విప్పినవాడికి, పేరులోనే పిన్ను ఉన్నవాడికి తెలీదు. నవ్వొచ్చింది, ఈసారి పెదాల దగ్గర ఆగలేదు. అధికారి నవ్వలేదు. ఆయన కాపలావాడిని చూశాడు, వాడి బుగ్గలు ఇంకా పూర్తిగా దిగలేదు, ఆ తర్వాత ముందున్న సాక్ష్యం కాయితాన్ని చూశాడు, ఉఫ్ ఉఫ్ అని రెండుసార్లు అన్నచోట ఆయన వేలు ఆగింది. అతను గాలి మర తిప్పాడు. నిట్టూర్చినట్టు గాలంతా పోయి మంట తనంతట తను దిగి ఆరిపోయింది. పంకా చప్పుడు మళ్ళీ వినబడింది.

"దీన్ని ఇలా వదలడానికి లేదు," అన్నాడు అధికారి చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. "మళ్ళీ విచారించాలి. ఆ గోడ వైపు కూడా చూడాలి. అంతవరకూ సందు జోలికి ఎవరూ పోవద్దని రాస్తాను." కలం తీశాడు. "మీరు పిలిస్తే రావాలి. ఇది మీ చిరునామాయేనా, ఈ బంగళా?"

మేనత్త నోరు తెరిచింది. అతన్ని చూసింది, మసి కొట్టుకున్న చొక్కాని, కాలిన వేలిని చూసింది, తెరిచిన నోరు మెల్లిగా మూసేసుకుంది. నాయనమ్మ పోలిక అప్పుడే కనబడింది ఆమెలో.

"కాదండీ," అన్నాడు. "అది కొట్టెయ్యండి. టీ కొట్టు వెనక గది అని రాయండి."

"అది కాలిపోయిందిగా?"

"కాలిపోయిందండీ. మళ్ళీ కట్టుకుంటున్నాం."